పడుగు కట్టిండు గానీ నెయ్యలే

మా ఇంట్లో నడక నేర్చుకోవడమంటే పోగుల మధ్య నడక నేర్చుకోవడమే. ముందు గదిలో గుంట మగ్గం. దాని పక్కన గోడ వారగా అమ్మ నూలు పోసే ఆసు. మధ్యలో రాట్నం, మూలకు కండెల బుట్ట. వంటింట్లోకి పోవాలంటే వీటన్నింటినీ తప్పించుకుని పోవాలి. చుట్టాలొస్తే గడపలోనే ఆగిపోయి "ఎటు నుంచి రావాలె?" అని అడిగేవాళ్ళు. మాకు ఆ ప్రశ్నే వింతగా ఉండేది. దారి కనపడుతూనే ఉంది కదా!

పోచంపల్లికి దగ్గర్లోనే మా ఊరు. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పెంకుటిల్లు. మగ్గానికి వెలుతురు కోసం పైకప్పులో రెండు చోట్ల పెంకు తీసి అద్దం బిళ్ళలు పెట్టించాడు నాయిన. పొద్దెక్కేకొద్దీ ఆ రెండు వెలుగు ముక్కలు గదిలో మెల్లగా జరుగుతుండేవి. పట్టు పోగు వెలుగులోకి వస్తే తీగలా మెరిసేది. మనం ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు, మాయం. ఉందని తెలుసు, కనపడదు. మా అన్నదమ్ములం చీకట్లో కూడా ఒక్క పోగు తెంపకుండా మంచినీళ్ళ కుండ దాకా వెళ్ళొచ్చేవాళ్ళం.

ఆ నేర్పు ఊరికే రాలేదు. నాకు ఏడేళ్ళప్పుడు, సంక్రాంతి సెలవుల్లో, నాయిన ఒకరోజు పొద్దున్నే పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా ఎక్కించే పోగులను, వీధిలోకి తెచ్చి సాగదీశాడు. అటు ఇటు గుంజలు, మధ్యలో వీధి పొడవునా పట్టు పోగులు. నేను తెగిన పతంగి వెనక పడ్డాను. కళ్ళు ఆకాశంలో ఉన్నాయి. ఛాతీకి ఏదో మెత్తగా తగిలింది. గోడకు కొట్టుకున్నట్టు కాదు, ఎవరో రెండు చేతులతో "ఆగు" అన్నట్టు. ఆ తర్వాత చిన్నచిన్న చప్పుళ్ళు. పట్టు పోగు తెగితే పెద్ద చప్పుడేమీ రాదు. అయినా ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

నాయిన కొట్టలేదు. "జరుగు" అన్నాడంతే. కూర్చుని ఒక్కో పోగు కొన వెతికి పట్టుకుని, వేళ్ళ మధ్య నలిపి, పురి పెట్టి అతకడం మొదలుపెట్టాడు. నలభై తెగాయో యాభై తెగాయో. సాయంత్రం దాకా అదే పని. నేను గుంజకు ఆనుకుని నిలబడే ఉన్నాను. అన్నానికి నన్నెవరూ పిలవలేదు, నేనూ పోలేదు. ఒక దెబ్బ వేసి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేవాడినేమో.

అప్పటి నుంచి నా కంటే ముందు నా ఒళ్ళే ఆగడం నేర్చుకుంది. ఎక్కడ పోగు ఉన్నా, అది కంటికి కనపడకముందే కాళ్ళు ఆగిపోయేవి.

1999లో అందరిలాగే నేనూ వై టూ కే కంప్యూటర్ ఉద్యోగాల పుణ్యమా అని అమెరికా వచ్చిపడ్డాను. న్యూజెర్సీ, ఎడిసన్. ఒక అపార్ట్‌మెంట్లో నలుగురం. ఆ నలుగురిలో ఒకడికి ఫోటోల పిచ్చి. విజయవాడ వాడు. కొత్త కెమెరా కొన్నప్పటి నుంచి ప్రతి శనివారం ఎవరో ఒకరిని వెంట లాక్కెళ్ళేవాడు. 2004 అక్టోబరులో ఆ వంతు నాది. గ్రాండ్ సెంట్రల్‌లో రైలెక్కి ఎడమవైపు కిటికీ పట్టుకోమన్నాడు. గంటన్నర సేపు హడ్సన్ నది పక్కనే ప్రయాణం. ఆకులు ఎర్రబడే రోజులు. నది మధ్యలో పాడుబడ్డ కోట ఒకటి వస్తుంది, ఆ తర్వాత బీకన్ స్టేషన్. అక్కడి నుంచి నడిచే దూరంలో డియా బీకన్ మ్యూజియం.

ఆ బిల్డింగు 1929లో కట్టినది. నబిస్కో బిస్కెట్ కంపెనీ వాళ్ళు పెట్టెలు ప్రింట్ చేసుకున్న ఫ్యాక్టరీ. 2003 మే నెలలో దాన్ని మ్యూజియంగా తెరిచారు. లోపల బంగారు ఫ్రేముల పటాలు ఉండవు. మా వాడైతే అరగంటలో నీరసపడిపోయాడు. రాబర్ట్ రైమన్ తెల్ల కాన్వాసుల గదిలో "సున్నం కొట్టి ఊరుకున్నారేంట్రా" అన్నాడు. రిచర్డ్ సెరా ఉక్కు గోడల మధ్యకు వెళ్ళి, తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు లోపల నిలబడినట్టుందని మాత్రం సంబరపడ్డాడు, ఫోటోలు తీసుకున్నాడు. నేను పైకప్పు చూస్తున్నాను. రంపం పళ్ళలా వరసగా లేచిన కప్పు, దానికి అద్దాలు. వెలుగంతా పైనుంచే, ఎండలా కాకుండా మెత్తగా దిగుతోంది. మా నాయిన రెండు బిళ్ళలతో సరిపెట్టుకున్న వెలుతురిది అనుకున్నాను. ఆ ఫ్యాక్టరీ వాళ్ళకూ రంగులు సరిగ్గా కనపడాలనే కదా అలా కట్టుకుని ఉంటారు.

మా వాణ్ణి వెంటేసుకుని ఇంకో హాల్లోకి వెళ్ళాను. ఖాళీ. తెల్ల గోడలు, చెక్క నేల. ఫోన్ జేబులో పెట్టుకుంటూ నడుస్తున్నానా, ఉన్నట్టుండి ఆగిపోయాను.

ఎందుకు ఆగానో నాకే తెలియదు. ఒకటి రెండు క్షణాల తర్వాత కనపడింది పోగు. పైకప్పు నుంచి నిలువుగా దిగి, నేల మీద కొంత దూరం అడ్డంగా పోయి, మళ్ళీ నిలువుగా పైకప్పులోకి పోయింది. అంతే. ఒకే ఒక్క ముదురు రంగు పోగు. కానీ ఆ రెండు నిలువు గీతల మధ్య గాలి, అటూ ఇటూ ఉన్న గాలి ఒకటిగా లేవు. మధ్యది కొంచెం చిక్కబడినట్టుగా ఉంది. అక్కడొక పెద్ద అద్దం పలక నిలబెట్టినట్టు.

నా పక్కన ఒక తెల్లావిడ కూడా ఆగింది. చెయ్యి ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అద్దం అనుకుందని ఆ చెయ్యి చూస్తే తెలిసింది. లేదని అర్థమయ్యాక నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆమె అద్దం చూసి ఆగింది. నేను పడుగు చూసి ఆగాను. ఏడేళ్ళప్పటి ఆ మెత్తటి దెబ్బ ఛాతీకి మళ్ళీ తగిలింది. తగిలిందంటే తగల్లేదు. అక్కడ ఏమీ లేదు కదా.

గోడ మీది చిన్న చీటీలో పేరు చదివాను. ఫ్రెడ్ శాండ్‌బ్యాక్. 1943లో పుట్టాడు, 2003లో పోయాడు. మ్యూజియం తెరిచిన మరుసటి నెలే పోయాడన్న సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి అరవై కూడా నిండలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆయన గురించి దొరికిందంతా చదివాను. యేల్ యూనివర్సిటీలో ముందు తత్వశాస్త్రం చదివాడట, ఆ తర్వాత శిల్పం. శిల్పమంటే ముక్కకు ముక్క అతికించుకుంటూ పోవడమేనా అని ఒకసారి విసుగ్గా సణిగితే, జార్జ్ షుగర్‌మన్ అనే శిల్పి "అంత విసుగైతే ఒక దారపు ఉండ తీసుకుని ఒక్క గీత గీసి వదిలెయ్" అన్నాడట. ఆయన వేళాకోళానికే అన్నాడో ఏమో. ఈయన మాత్రం నిజంగానే దారం తీసుకున్నాడు. 1966లో కొంచెం దారం, కొంచెం తీగతో నేల మీద ఒక పొడవాటి చెక్క బద్ద ఆకారం కట్టాడు. అంచులు మాత్రమే, లోపల చెక్క లేదు. మొదట్లో ఎలాస్టిక్ తాడూ, సన్నటి ఉక్కు కడ్డీలూ వాడాడు. తర్వాత అక్రిలిక్ నూలుకు వచ్చాడు, ఇక దాన్ని వదల్లేదు. ఉక్కు అంచు కత్తిలా ఉంటుంది, చూపు అక్కడే ఆగిపోతుంది. నూలుకు నూగు ఉంటుంది. అంచు ఎక్కడ అయిపోయిందో గాలి ఎక్కడ మొదలైందో కచ్చితంగా చెప్పలేం. చూపు జారి మధ్యలోని ఖాళీలోకి పోతుంది. నూలు ముట్టుకున్న ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్నప్పుడు ఆయన బాంజోలు, డల్సిమర్లు, అంటే తీగ వాయిద్యాలు, చేసేవాడట. అది చదివాక ఆ బిగువు ఎక్కడిదో తెలిసింది. పోగును వదులుగా కడితే అది దారం. బిగిస్తే గీత. ఎంత బిగించాలన్నది చేతికే తెలియాలి.

ఆయన వాడిన ఒక మాట నాకు బాగా నచ్చింది. మనుషులు నడిచే చోటు, కాలినడక చోటు అని అర్థం వచ్చే మాట. తన శిల్పం పీట మీద ఎక్కి కూర్చోకూడదు, గుడిలో దేవుడిలా దూరంగా ఉండకూడదు, మనం నడిచే నేల మీదే మనతో పాటు ఉండాలి అని. మగ్గం ఉన్న ఇల్లు సరిగ్గా అలాంటిదే. అక్కడ పనికి వేరే గది అంటూ ఉండదు. పోగు పక్కనే పడుకుంటాం, పోగు పక్కనే తింటాం, పోగు దాటుకుని బడికి పోతాం.

ఇంకో మాట కూడా అన్నాడు. తన పనిలో నిజమూ భ్రమా రెండూ సమానమే, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు అని. ఇది చదివినప్పుడు మా నాయిన చిటికి కట్టడం గుర్తొచ్చింది. గ్రాఫ్ కాగితం మీద డిజైను ఉంటుంది. దాన్ని చూసుకుంటూ, సాగదీసిన నూలు మీద సైకిల్ ట్యూబు కోసిన సన్నటి ముక్కలు చుట్టి చిటికి కట్టేవాడు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, మళ్ళీ కట్టి, ఇంకో రంగులో ముంచి. నాకేమో నల్ల రబ్బరు ముడులు తప్ప ఏమీ కనపడేవి కావు. ఆయన అక్కడ వేలు పెట్టి "ఇది ఏనుగు తొండం" అనేవాడు. బట్ట లేదు, ఏనుగు లేదు. అయినా ఆయనకు కనపడుతోంది. నెల తర్వాత మగ్గం మీద చూస్తే అక్కడే తొండం, అంచులు కొద్దిగా చెదిరి, నీళ్ళలో కదిలినట్టు.

అయితే ఒక కడుపుమంట కూడా ఉంది, దాచుకోను. ఒక్క పోగు కడితే దానికి ఇంత పెద్ద హాలు, కాపలాకు మనిషి, టికెట్టు. మా అమ్మ ఎన్ని పోగులు పోసింది! దాన్ని చూడ్డానికి ఎవరొచ్చారు?

ఆసు అంటే తెలియని వాళ్ళ కోసం చెప్తాను. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, వాటికి ఎదురుగా ఇవతల ఒక మేకు. నూలును ఈ మేకు నుంచి ఆ వరసలో మొదటి మేకుకు, అక్కడి నుంచి వెనక్కి, మళ్ళీ రెండో మేకుకు, మళ్ళీ వెనక్కి. చెయ్యి అలా పోతూ వస్తూ ఉండాలి. ఒక్కో పోగు దాని చోటే దానికి. ఒక్కటి తప్పితే చిటికి తప్పుతుంది, డిజైను చెడుతుంది. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. రోజుకు రెండు చీరలంటే 18,000. ఈ లెక్క మాకు తెలిసింది చింతకింది మల్లేశం గారి వల్లే. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. తల్లి లక్ష్మమ్మ జబ్బ నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు, ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకుముందు ఆసు చేతుల లెక్క ఎవరూ కట్టలేదు. ఆడవాళ్ళ పని కదా, ఖాళీగా కూర్చుని చేసే పని అన్నట్టే ఉండేది.

2005లో నేను డబ్బు పంపితే మా ఇంట్లోకీ యంత్రం వచ్చింది. ఫోన్ చేసి "ఎట్లుందమ్మా?" అన్నాను. "మంచిగనే ఉంది. చెయ్యి ఊకెనే ఉంటున్నది, ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు" అంది.

2008 ఎండాకాలంలో అమ్మ అమెరికా వచ్చింది, మా ఆవిడ డెలివరీకి. నాయిన రాలేదు. "మగ్గం మీద పడుగు ఉండంగ నేనెట్లొస్త?" అన్నాడు. ఆ పడుగు దించితే ఇంకో పడుగు ఎక్కుతుందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అమ్మకు ఎడిసన్ అపార్ట్‌మెంట్లో పది రోజులకే ఊపిరాడలేదు. డెలివరీకి ఇంకా నెల ఉంది. "అత్తయ్యను ఎటైనా తిప్పుకుని రండి, గోడలు చూస్తూ కూర్చుంటున్నారు" అని మా ఆవిడే పంపింది. అందరూ తల్లిదండ్రుల్ని నయాగరాకు తీసుకెళ్తారు. నేను బీకన్‌కు తీసుకెళ్ళాను. నయాగరాకు తర్వాత వెళ్ళాంలెండి.

రైల్లో నది చూసి "కృష్ణ కంటె పెద్దదా?" అంది. టికెట్ ధర అడిగింది, రూపాయల్లో చెప్పమంది. చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

సెరా దగ్గరా, మిగతా వాళ్ళ దగ్గరా ఆగలేదు మేము. నేరుగా శాండ్‌బ్యాక్ హాలుకు తీసుకెళ్ళాను. ముందే ఏమీ చెప్పలేదు. నాలాగే ఆగిపోతుందని, అద్దం అనుకుంటుందని, ఆ మొహం చూడాలని నా ఆశ.

అమ్మ ఆగలేదు. నడక కూడా తగ్గించలేదు. పోగు నాలుగడుగుల దూరంలో ఉండగానే ఎడమ చేత్తో కొంగు కూడదీసుకుని నడుముకు అదిమి పట్టుకుంది, భుజం ఒకింత వంచి, పోగుకు జానెడు దూరం నుంచి చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి నిలబడింది. కొంగు పోగుకు తగలకుండా మా ఇంట్లో వేలసార్లు చేసిన పనే. తను చేసినట్టు కూడా ఆమెకు తెలియదు. అటువైపు నుంచి నన్ను చూసి "రా, నిలవడ్డవేంది?" అంది.

ఇద్దరి మధ్యా ఆ లేని పలక. నేనూ చుట్టూ తిరిగే వెళ్ళాను. రెండు పోగుల మధ్య నుంచి నడవచ్చని నాకు తెలుసు, నడిచేవాళ్ళను చూశాను కూడా. ఇప్పటికీ ఒక్కసారి కూడా నడవలేకపోయాను.

ఆ తర్వాత అమ్మ తన పని మొదలుపెట్టింది. అంటే పోగును పరీక్షించడం. మొహం దగ్గరగా పెట్టి చూసింది. "పట్టు గాదు. పత్తి గాదు. సెట్టర్ల దారం." స్వెటర్ అల్లే దారం అని. నిజమే, అక్రిలిక్ నూలు అదే. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, పోగు నేలలోకి దిగిన చోటు చూసింది. చెక్క నేలలో సన్నటి బెజ్జం. పోగు నిటారుగా అందులోకి పోయింది. "ముడి ఏడేశిండు?" అంది. ముడి నాకూ కనపడలేదు. ఆమె వేలు ముందుకు పోతుంటే కాపలా ఆవిడ రెండడుగులు దగ్గరకు వచ్చింది. మా అమ్మ నేతపని వాళ్ళమ్మాయి, నేతగాడి భార్య అని చెప్పాను. ఆవిడ నవ్వి, ముట్టుకోవద్దని మాత్రం సైగ చేసింది. అమ్మ ఏమీ అనుకోలేదు. తను కూడా ఎవరినీ తన ఆసు ముట్టుకోనిచ్చేది కాదు.

"వానకాలంల వదులు గాదా?" అని అడిగింది లేస్తూ. నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ముసురు పట్టినప్పుడు పడుగు ఎలా ఉంటుంది, పొడి ఎండలో ఎలా ఉంటుంది, నాయిన రోజూ పొద్దున్నే అరచేత్తో పడుగును తట్టి చూసుకోవడం, అంతా గుర్తొచ్చింది. నేనేమో ఇన్నాళ్ళూ ఆ పోగు అలాగే ఉంటుంది అనుకున్నాను. ఎవరో రోజూ చూసుకుంటూ ఉండాలి దాన్ని.

ఇంకో విషయం చెప్పాను. ఈ పని చుట్టి పెట్టేస్తే చేతిలో పట్టేంత దారమే, ఇంకో చోట కట్టాలంటే ఆ గది పొడవూ ఎత్తూ చూసుకుని మళ్ళీ కొత్తగా కట్టాల్సిందే అని. అమ్మకు అందులో వింతేమీ కనపడలేదు. పడుగు అంతే కదా.

"చేసినాయన ఇక్కడ్నే ఉంటడా?"

"పోయిండమ్మా, ఐదేండ్లయింది."

"ఇదొక్కటే చేసిండా?"

"ఇట్లాంటివే. ముప్పై అయిదేండ్లు దాటింది."

"ముప్పై అయిదేండ్లు! జబ్బ గుంజలే?"

ఆ తర్వాత హాలు మొత్తం ఒకసారి కలయజూసింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పైన అద్దాల దాకా. నాకేదో పెద్ద మాట వినబోతున్నానని అనిపించింది. "ఈ జాగల పన్నెండు మగ్గాలు పడ్తయి" అంది. "వెలుతురు మంచిగుంది."

అక్కడున్న బెంచీ మీద అరగంట కూర్చున్నాం. ఆమెకు జబ్బ నొప్పి, కుడి భుజం నిమురుకుంటూ కూర్చుంది. జనం వస్తున్నారు, ఆగుతున్నారు, చేతులు చాపి చూసుకుంటున్నారు. ఒక పిల్లాడు పలకలోంచి అటూ ఇటూ పరుగెత్తాడు. ప్రతిసారీ అమ్మ "అయ్యో" అని సగం లేచింది.

ఆ రాత్రి కాలింగ్ కార్డుతో నాయినకు ఫోన్ కలిపి ఇచ్చాను. అమ్మ కోడలి ఆరోగ్యం చెప్పింది, ఉల్లిగడ్డల ధర చెప్పింది, ఆ తర్వాత దీని సంగతి ఎత్తింది. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి నాకూ వినపడుతోంది.

"ఒకాయన ఇంత పెద్ద ఇంట్ల పడుగు కట్టిండు గానీ నెయ్యలే."

"ఎన్ని పోగులు?"

"ఒకకాడ ఒకటి, ఒకకాడ రెండు."

అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నాకు టెన్షన్. 

"బిగువు మంచిగుందా?" అన్నాడు నాయిన.

"మంచిగుంది."

"ఊఁ" అన్నాడు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంతే.

శాండ్‌బ్యాక్ పేరు మీద ఒకప్పుడు మసాచుసెట్స్‌లోని విన్చెండన్ అనే చిన్న ఊళ్ళో, పాత బ్యాంకు బిల్డింగులో, ఆయన పనులకే ఒక మ్యూజియం ఉండేది. 1981లో తెరిచారు, 1996లో మూసేశారు. అంటే గదిలోంచి పోగులన్నీ తీసేశారన్నమాట. ఆ గదిలో రోజూ నడిచిన మనుషులు ఆ తర్వాత ఎలా నడిచి ఉంటారా అని ఆలోచిస్తుంటాను. ఎందుకంటే మా ఇంట్లో ఏం జరిగిందో చూశాను.

నాయిన 2014లో పోయాడు. మగ్గం విప్పేసి చెక్కలు అటక మీద పెట్టారు. ఆసు యంత్రం పక్కింటి వాళ్ళకు ఇచ్చేశాం. గుంటను మట్టితో నింపి పైన సిమెంటు చేయించాడు తమ్ముడు. 2019 డిసెంబరులో మేమంతా వెళ్ళాం. ముందు గది ఎంత ఖాళీగా ఉందో! ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక టీవీ. పైన అద్దం బిళ్ళలు మాత్రం అలాగే ఉన్నాయి. సిమెంటు చేసిన మేర రంగు కొంచెం వేరుగా, మనిషి పొడవున, నేల మీద తెలుస్తోంది.

తలుపు నుంచి వంటింటికి ఇప్పుడు తిన్నగా పోవచ్చు. నేను పోలేదు. గోడ వారగా తిరిగి వెళ్ళాను. తమ్ముడూ అంతే, రోజూ అక్కడే ఉండేవాడు, వాడూ గోడ వారగానే. మా ఆవిడది ఖమ్మం, వాళ్ళది వ్యాపారాల ఇల్లు. ఆమె మాత్రం చాయ్ గ్లాసులు పట్టుకుని మగ్గం మధ్యలోంచి తిన్నగా వచ్చేసింది. గుండె ఒక్కసారి జల్లుమంది నాకు. పైకి ఏమీ అనలేదు, ఏమని అంటాను.

మధ్యాహ్నం మా అమ్మాయి సరిగ్గా ఆ సిమెంటు మీదే బోర్లా పడుకుని ఫోన్ చూసుకుంటోంది. ప్లగ్గు ఎదురు గోడకు ఉంది. చార్జర్ వైరు గోడ నుంచి దాని చేతి దాకా, నేలకు జానెడు ఎత్తున, బిగువుగా సాగి ఉంది. అమ్మ చాటలో బియ్యం పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. చూపు బియ్యంలోని రాళ్ళ మీదే ఉంది. వైరు దగ్గరకు వచ్చేసరికి చాటను ఒక చేతికి మార్చి, కొంగు కూడదీసుకుని, చుట్టూ తిరిగి పోయింది.